ఉప్పు గీత

పదకొండు పేర్లు రాయడం పెద్ద పనేం కాదు.
పన్నెండో పేరు కొట్టెయ్యడమే పని.
అల్లూరు హైస్కూల్లో పంతొమ్మిదేళ్లు
డ్రిల్లు మాస్టారుగా నేను చేసింది అదే,
ఎర్రసిరాతో.

యాకసిరి వెంగయ్య.
ఇసకపల్లి ఉప్పుకయ్యల నించి
పరగడుపున నడిచొచ్చే పిలకాయ.
మొదటేడు బూట్లు లేవని కొట్టేశాను.
రెండో ఏడు ఎవరివో అడిగి తెచ్చుకున్నాడు,
పాదం పట్టలేదు.
కయ్య తొక్కీ తొక్కీ చేటలయినాయి వాడి కాళ్లు.
మూడో ఏడు పుట్టినతేదీ కాయితం అడిగాను.
వాళ్లమ్మ వచ్చి, వరండా ఎక్కకుండా నిలబడి,
"వానలకి ఉప్పంతా కరిగిపోయిన ఏడు సార్" అంది.
ఆ గడిలో అది పట్టదు.

అసలు కారణం మాత్రం
ఏ రిజిస్టర్లోనూ రాయలేదు.
వాడూ అడగలేదు.
గోలు వెనక తుమ్మచెట్ల కింద కూచుని
ముళ్లల్లో పడ్డ బంతులు ఏరి తెచ్చేవాడు.

ఒక్కటి చెప్పాలి.
ఉప్పుకయ్యలో నడవడం ఎట్టాగో మీకు తెలుసునో లేదో.
పెచ్చు కట్టిన ఉప్పు కింద బురద నిద్రపోతుంటుంది.
మడమ గట్టిగా దిగిందంటే
పది దినాల ఎండ వృథా,
ఉప్పు నల్లబడుతుంది, మేస్త్రీ కూలి కోస్తాడు.
అందుకని అక్కడి బిడ్డలు
నేలని అడిగి అడుగేస్తారు.
ఒక సందేళ, ఎంత ఎత్తునించో పడ్డ బంతి
వాడి పాదమ్మీద
చప్పుడు లేకుండా ఆగిపోవడం చూశాను.
చూసి, విజిలేసి,
"బంతి ఇటియ్యరా" అన్నాను.

జోనల్ పోటీల పొద్దున సున్నం చాల్లేదు.
వెంగయ్యే సైకిలు మీద బస్తా ఉప్పు తెచ్చి
మైదానం చుట్టూ గీత గీశాడు, వంకర లేకుండా.
గీసి, గీతకి అవతల నిలబడ్డాడు.
ఆ రోజు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం.
మర్నాడు గొడ్లొచ్చి గీతంతా నాకిపోయినాయి.

ఆపైన కథ నాకు ముక్కలుగా తెలిసిందే.
ఉప్పులారీకి క్లీనరుగా పొయ్యాడంట.
ఆంబూరులో తోళ్ల ఫ్యాక్టరీకి బస్తాలు దింపుతుంటే
వెనక దొడ్లో ఆట.
ఒకడికి జ్వరం, పదిమందే ఉన్నారు.
వీడికి అరవం రాదు. బూట్లు ఇంకా లేవు.
లారీ వీడు లేకుండానే తిరిగొచ్చింది.
డ్రైవరు ఆదెయ్య ఇప్పటికీ తిడతాడు,
"అంత టార్పాలిన్ నాచేత ఒక్కడిచేతే కట్టించినాడు దొంగనాయాలు" అని.
తోళ్ల కంపెనీవాళ్లే కొలత తీసి కుట్టించారంట,
చేట పాదాలకి చేటంత బూట్లు.
తర్వాత చెన్నపట్నం, మూడో డివిజను,
మోకాలు విరిగిన ఏడాది పైపుల గోడౌన్లో కాపలా,
మళ్లీ మూడో డివిజనే.
ఇరవయ్యారేళ్లకి,
బంతాటగాళ్లు మోకాళ్లకి నూనె రాసుకునే వయసులో,
గోవా క్లబ్బొకటి జీతానికి రాయించుకుంది.
ఆ కాయితమ్మీద పుట్టినతేదీ గడిలో
ఏం రాసుంటాడో.

విన్న రోజే బడికి ఫోన్ చేశాను,
పాత రిజిస్టర్లు ఉన్నాయా అని.
చెదలు పట్టాయని తగలేశారంట.
నా ఎర్రగీతలు మూడూ బూడిదైనందుకు
సంతోషపడ్డాను, సిగ్గులేకుండా.

మొన్న మా మనవరాలి ఫోన్లో చూశాను.
వీపుమీద పేరు, అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను.
మైదానంలోకి దిగేముందు వంగి
గీతని వేలితో తాకి
నాలిక మీద పెట్టుకున్నాడు.
కామెంటరీ చెప్పే అబ్బాయి
అదేదో మొక్కన్నాడు.

మొక్కు కాదని ఎవరికి చెప్పను?
మనవరాలు ఫోను లాక్కునేలోపే
బయటికి అనేశాను,
రేయ్ వెంగయ్యా,
అది సున్నంరా.
నోరు పొక్కుద్ది, ఉమ్మెయ్.