ఎగదన్నిన నీరు

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
ఓపీ చీటీ వెనక కాలేయం గీశాను.
పేగుల నుంచి దానికెళ్ళే పెద్ద సిర ఇదీ అని
ఒక నీలం గీత.
ఇదిగో, ఇక్కడ గడ్డకట్టింది.

లస్కరు తవిటయ్య గీత మీద వేలు పెట్టాడు:
"గొట్టా కాలవలో గుర్రపుడెక్క అడ్డడితే
నీరు ఎనక్కి ఎగదన్నీసి
బలంలేని గట్టు ఎక్కడున్నాదో
ఎతుక్కుంతాది బాబూ."

అన్నవాహికలో ఉబ్బిన సిరల గురించి
నేను చెప్పబోయిందీ అదే.
తెల్లారుజామున బేసిన్లో కక్కిన నెత్తురు
ఆ తెగిన గట్టుదే.

నాలుగు రబ్బరు ఉంగరాలు బిగించాం.
గండి పూడింది. నీటిమట్టం మాత్రం
ఇంకా ఎత్తుగానే ఉంది.

వెళ్తూ వెళ్తూ పోలమ్మ
చీటీ మళ్ళీ నా ముందు పెట్టింది:
"మా ముసిలోడికి సారా వల్ల కాదని రాసియ్యి బాబూ,
ఈదిలో సదివించాల."

రాశాను.
అడక్కుండానే
ఆసుపత్రి ముద్ర కూడా వేశాను.