ఒక్క నిమిషం

ప్రాజెక్టు ముగిసిన రోజు
చివరి బండి నడిపింది నేనే.
కేకు కోశారు, ఫొటో దిగారు,
"ఇక ఇదంతా మీదే" అంటూ తాళాలగుత్తి
నర్సు ఫలేసి మోనే చేతిలో పెట్టారు.
అందులో సగం తాళాలకి గదులే లేవు.

నెల తిరక్కుండా అచ్చు ఫారాలు అయిపోయాయి.
గోడమీది బ్యానరుని
ఎవరో ఉసిపా చేపలు ఎండేసుకోడానికి పట్టుకుపోయారు.
మంచి గుడ్డే, ఇంకా చిరగలేదు.

నేనిప్పుడు మినీబస్సు తోలుతున్నాను,
ఎంజూజూ నుంచి న్ఖాటా బే దాకా.
గురువారాలు ఫలేసికి వెనిగర్ తేవాలి.
మొదటిసారి, చిప్స్ వేపేవాడి దగ్గర కొన్నాను.
సీసా వెలుతురుకెత్తి చూసి
"ఎంత గాఢమో రాయలేదు, పట్టుకుపో" అంది.
"పులుపు పులుపే కదమ్మా."
"నీ బ్రేకులు కూడా అంతేనా?
కొంచెం పడితే చాలా?"

తర్వాత చెప్పింది.
దూదితో అద్ది, ఒక్క నిమిషం ఆగాలట.
తేడా ఉంటే అక్కడ తెల్లబడుతుంది.
ముప్పై సెకన్లకే తొంగిచూస్తే
ఏమీ లేదనే అనిపిస్తుంది.
ఇంటికి పంపేస్తాం.
కొన్నేళ్ళకి ఆమెని దుప్పట్లో మోసుకొస్తారు.

వరండాలో ముప్పైమంది ఆడవాళ్ళు, పిల్లలు, ఒక మేక.
గోడ గడియారం ఎప్పుడో ఆగింది.

బడిపిల్లల నోటుబుక్కులో స్కేలు పెట్టి
తనే గీతలు గీసుకుంది:
పేరు, ఊరు, తెలుపు, మళ్ళీ ఎప్పుడు.
"మళ్ళీ ఎప్పుడు" గడి అన్నిటికన్నా వెడల్పు.
దాన్లో గడువు దాటిన ఒక పేరు మా మరదలిది.
ఆ గురువారం చింటెచే మలుపు తిప్పి
ఎక్కించుకొచ్చాను.
కసావా పీకే పని చెడగొట్టానని
దారంతా తిట్టింది.
తెల్లమచ్చ ఉంది.
కాల్చే యంత్రానికి ఛార్జింగ్ ఉంది:
కాపలావాడి ఫోను పీకి
రాత్రే పెట్టింది ఫలేసి.

ఈ వానల్లో ఆమెకి రుంఫీకి బదిలీ అయింది.
ఇక దీనికీ నీళ్ళొదలడమే అనుకున్నాను.

కొత్తపిల్ల పేరు లుసుంగు.
పోయిన గురువారం సీసా ఇచ్చాను.
వెలుతురుకెత్తి చూసింది,
ఏమీ అనలేదు, లోపలికెళ్ళింది.
తెర వెనకనుంచి లెక్క వినిపించింది,
ఇరవై, ఇరవై ఒకటి...
వరండాలో ఒక ముసలామె గొంతు కలిపింది.
నలభై దగ్గర ఎవరి బిడ్డో ఏడ్చింది.
లెక్క ఆగలేదు.

రోడ్డుమీద నా ప్రయాణికులు
హారన్ నొక్కుతున్నారు.
నొక్కనీ.
యాభై రెండు.
యాభై మూడు.