పదో ఏటి ఫోను

జయనగర్ ఆసుపత్రి మూడో అంతస్తులో
మందుల గది పక్కన నా కుర్చీ.
స్టెంటు వేయించుకున్న వాళ్ళకి
నెలకి, ఏడాదికి, ఐదేళ్ళకి,
ఇప్పుడు పదేళ్ళకి
ఫోన్ చేయడం నా ఉద్యోగం.

ఫారంలో మొదటి గడి: సజీవం, అవును లేదా కాదు.
అలా ఎవరినీ అడగలేం కదా.
"బాగున్నారా" అంటాను.
అవతల మాట రావడానికి పట్టే సేపుని బట్టి
ఎక్కడ టిక్కు పెట్టాలో
చేతికే తెలిసిపోతుంది.

మాగడి రోడ్డు సిద్ధలింగమ్మ
భర్త పోయి నాలుగేళ్ళైనా నంబరు పోనివ్వలేదు.
"నెలనెలా రీఛార్జి చేయిస్తున్నా తల్లీ,
ఎవరైనా ఆయన్ని అడుగుతూ చేస్తారేమోనని."

ఆచూకీ దొరకని వాళ్ళకీ ఒక గడి ఉంది.
ఇల్లు మారినవాళ్ళు, సిమ్ము మార్చినవాళ్ళు,
రాంగ్ నంబరని కన్నడంలో కసిరిన
ఒక కుర్రగొంతు.
వాళ్ళని లెక్కలోంచి తీసేయరు,
చివరిసారి పలికిన తేదీ దగ్గర
ఆపి ఉంచుతారు.

ఈ రోజు నాలుగు వందల పన్నెండు.
కబ్బన్‌పేట గంగులప్ప,
రెండు స్టెంట్లు, వయసు డెబ్బై ఒకటి.
"ఉండానమ్మా. యాడికీ పోలేదు."
నొప్పి?
"మెట్లెక్కితే రోంత."
మాత్రలు?
కాసేపు ఆగి,
"ఒకటి మానేసినా. ఇంగోటి దినం మార్చి దినం.
మా డాక్టరమ్మకి చెప్పొద్దు."
చెప్పొద్దన్నదే నేను రాయాల్సింది.
రాశాను.

"నూలుపోగైతే తెగినచోటు వేలికి తగులుతాది,
ముడేస్తాం.
లోపలేసిన ఆ ఇనుప అల్లిక
ఎట్లుండాదో నాకేం తెలుసు?
నీ ఫోనొచ్చినప్పుడే గుర్తొస్తాది, అదొకటుందని."

ఇదే చివరి ఫోను సార్,
పదేళ్ళతో స్టడీ అయిపోతుంది.
"మళ్ళీ చెయ్యరా?"
చెయ్యం.
"అట్లయితే నాకు నయమైనట్టేనా?"

డాక్టరుగారిని కలవండి, మాత్రలు రోజూ వేసుకోండి అన్నాను,
అందరికీ చెప్పేదే.
విన్నాడో లేదో,
ఫోను ఎక్కడో పెట్టేసి పనిలోకి పోయాడు.
టకటక, టకటక,
మధ్యలో ఒక తడబాటు,
మళ్ళీ టకటక.
పెట్టేయాలి. ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు.
పెట్టేయలేదు.

ఫారం అడుగున, ఇతర విషయాలు,
ఒక్క వరుస పడుతుంది.
మగ్గం ఆడుతోంది, అని రాశాను.
రేపు లెక్కల కుర్రాడు వచ్చి అడుగుతాడు,
దీన్ని ఏ కోడ్ కింద వేయాలి మేడమ్, అని.