అయిపోయినవి

కవిటిలో మా డయాలసిస్ గదికి ఆరు మంచాలు,
ఒక వ్యాను, ఒక పాత కంప్యూటరు.
తెరమీద నాలుగు గడులు:
రావాలి. బండెక్కారు. మంచం మీద. అయిపోయినవి.
మనిషికో కార్డు.
ఒక గడిలోంచి ఇంకో గడికి జరపడం
మొన్నటిదాకా నా పని.
ఇప్పుడు ఏజెంటు చేస్తుంది.
నిద్రపోదు, టీకి లేవదు,
రాసింది రాసినట్టు నమ్ముతుంది.

ఆ చివరిదే నేను సరిగ్గా వినలేదు.

పనిముట్లు ఇచ్చి, ఒక్కోదానికీ వివరణ రాయమన్నారు.
సాయంత్రం ఐదున్నర. ఇచ్ఛాపురం బస్సు టైము.
మొదటిదానికి రాశాను: కార్డు జరుపును.
రెండోదానికి: కార్డు ముగించును.
మా బళ్ళో సైన్సు మేష్టారు
రెండు మార్కుల ప్రశ్నకి ఇంతకన్నా ఎక్కువ అడిగేవారు.

ఏ కార్డు, ఎప్పుడు, ఎవరు చూశాక,
రాయలేదు.
ముగించగానే ఇంటికి ఫోన్లో కబురు పోతుందని
నాకు తెలుసు. తెలుసు కాబట్టే రాయలేదు.
తెలిసినదానికి అక్షరాలు ఖర్చు చెయ్యం కదా మనం.

మంగళవారం బొరివంక దాటాక వ్యాను ఆగిపోయింది.
ఢిల్లేసు బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాడు.
ఫోన్లో చార్జి లేదు.
మడ్డు దాలయ్య గట్టుమీద కూచున్నాడు,
చుట్టూ కొబ్బరితోటలు,
కొబ్బరినీళ్లు ముట్టకూడని మనిషి,
రోజుకింతని కొలిచిన నీళ్లసీసా ఒళ్లో పెట్టుకుని.
నేను శ్రీకాకుళంలో మీటింగులో ఉన్నాను.
ఏజెంటు ఎంత బాగా పనిచేస్తోందో చెప్పడానికి.

ఇక్కడ తెరమీద ఆయన కార్డు
నాలుగు గంటలుగా కదల్లేదు.
నాలుగు గంటలంటే ఒక డయాలసిస్.
లెక్క తప్పలేదు దానిది.
చేతిలో పనిముట్టు చూసుకుంది,
ముగించును అని ఉంది.
ముగించింది.

పీచు మిల్లులో కోడలి ఫోను మోగింది:
"మడ్డు దాలయ్య గారు అయిపోయారు."

గడికి ఆ పేరు పెట్టింది నేనే.
పని అయిపోతే అయిపోయింది అంటాం,
మనిషి అయిపోతే...
తెలుగు పుట్టుకతో వచ్చినదాన్ని, నాకే తట్టలేదు.
దానికెలా తడుతుంది?

నీలవేణి పీచు దుమ్ముతోనే పరిగెత్తింది.
సోంపేట నుంచి ఆడపడుచు బయల్దేరింది.
ఎవరో అప్పుడే వెదురు కొట్టడానికి కత్తి అడిగారట.
మూడింటికి ఎవరి ఆటోలోనో వచ్చి
మా గుమ్మం ముందు దిగిన దాలయ్య
అప్పుడే బస్సు దిగి వణుకుతున్న నన్ను చూసి
"ఏటమ్మా, నానయిపోనానా?" అన్నాడు.
"ముందు మంచమెక్కించండి,
ఏడుపులు తరవాత."

ఆ రాత్రి చివరి బస్సు వదిలేసి కూచున్నాను.

ఈ పనిముట్టు కార్డుని ముగిస్తుంది.
ముగిస్తే ఇంటికి కబురు వెళ్తుంది, వెనక్కి తీసుకోలేవు.
సూది తీశాక, బరువు చూశాక,
నర్సు కాంతం సంతకం పడ్డాక మాత్రమే వాడు.
టైము గడిచిందని వాడకు. టైము సాక్షి కాదు.
మనిషి ఎక్కడున్నాడో తెలీకపోతే నీక్కావలసింది ఇది కాదు.
ఢిల్లేసుకి ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే నన్ను అడుగు.
అడగడం తప్పు కాదు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాను.
తొమ్మిదేళ్ల ఉద్యోగంలో
అది నాకెవరూ రాసివ్వలేదు.

గడి పేరు 'ఇంటికి' అని మార్చబోయి
అదీ రెండర్థాలే అని కొట్టేశాను.
'ఈ రోజు డయాలసిస్ జరిగింది' అని పెట్టాను.
పొడుగే. ఉండనీ.

శుక్రవారం పొద్దున్న తెరమీద:
"సనపల తవిటమ్మ గారు బండెక్కి రెండు గంటలు.
ఇంకా రాలేదు. ఢిల్లేశ్వరరావు ఎత్తడం లేదు.
కారణం నాకు తెలీదు.
కార్డు కదపలేదు."

చెప్పులేసుకుని రోడ్డుమీదికి నడిచాను.