నంబరు మాత్రం పాతదే

మూడు కొటేషన్లు టేబులు మీద,
పై కాయితం మీద సులేమానీ గ్లాసు దించిన గుండ్రటి మరక.
అజ్మాన్ సనయ్యల, టైర్ల దుకాణం ఎనుక
మాది ఏసీలు బాగుచేసే కొట్టు.
నేను, నా పొత్తుదారు ఎర్రోళ్ల శంకరయ్య,
నలుగురు పనోళ్లు, ఒక వ్యాను,
ఒక్క ల్యాండ్‌లైను.

తీగ లేని ఆ ఫోను
నూనె చేతులల్ల తిరిగీ తిరిగీ
అంకెలన్నీ అరిగిపోయినయి.
అయిదు ఎక్కడుందో వేలికి ఎరుకే, కంటికే తెల్వది.

జిబిన్ అనే పోరడు వచ్చిండు,
మడత నలగని అంగీ, ల్యాప్‌టాపు, అరువు హిందీ.
ఇంటర్నెట్ ఫోను పెట్టుకోండన్నా,
అరబ్బీకి ఒకటి నొక్కుమంటది,
ఇంగ్లీషుకు రెండు, హిందీకి మూడు.
"తెలుగుకు?" అన్నడు శంకరయ్య.
"తొమ్మిది దాకా మీ ఇష్టం."
"మరి సున్నా?"
"సున్నా నొక్కితే మనిషి ఎత్తుతడు."
మనిషిని తీస్కపోయి సున్నా కాడ కూసోబెట్టిండని
శంకరయ్య ఆ పూట అన్నం సగమే తిన్నడు.

మొదటి కొటేషను అగ్గువ.
లైసెన్సు ఉన్నదా అంటే మాత్రం గొంతు తగ్గింది.
అగ్గువకు పోయి జుర్మానా కడితే
ఎన్ని ఫిల్టర్లు కడిగితే తీరాలె?
దాన్ని మడిచి టేబులు కాలు కింద పెట్టినం,
అది ఎప్పటిసంది ఊగుతాంది.

రెండోదాంట్ల తలకాయకు ఇంత, నెలనెలా.
యాదగిరికి తలకాయెందుకు,
వాడు పొద్దంతా మిద్దెల మీదనే ఉంటడు గదా!

మూడోదే నచ్చింది.
ఒక ఫోను వస్తే ఆరు చేతులల్ల ఒక్కసారే మోగుతదట,
ఎవలు ముందు ఎత్తితే వాళ్లది.
సంతకం పెట్టబోతాంటే
గ్యాసు పైపు భుజానేసుకొని తలుపు కాడ నిలబడ్డ ఓదెలు
మాలో అందరికంటే చిన్నోడు,
"అన్నా, కరెంటు పోతే ఇది మోగుతదా?" అన్నడు.

ఎవలం మాట్లాడలే.
ఆగస్టుల కరెంటు పోయినప్పుడే గదా
ఊరంతా మనల్ని యాది చేసుకునేది.
జిబిన్ నుదురు తుడుచుకున్నడు.
రూటరుకు బ్యాటరీ పెట్టాలె,
అదీ చస్తే కాలు మొబైలుకు మళ్లాలె.
ఆ రెండు ముక్కలు అచ్చుల లేవు,
పెన్నుతోటి రాయించినం.

ఇగ చివరిది నేనడిగిన.
పదకొండేండ్లల్ల ఎక్కిన ప్రతి మిద్దె మీద
కంప్రెషరు వీపున నల్ల మార్కరుతోటి నంబరు రాసి దిగినోళ్లం.
ఎండకు నలుపు ఊదాకు తిరిగింది,
ఉప్పుగాలికి కొన చెరిగింది,
అయినా వాచ్‌మన్లు కండ్లు చికిలించి చదివి చేస్తరు.
"గా నంబరు ఇండ్లకు వస్తదా?"
"వస్తది. పదిహేను రోజులు పడతది."
నంబరుకు కూడా వీసా మార్పిడి ఉంటదని అప్పుడే తెలిసింది.

స్వాగతం చెప్పే గొంతు శంకరయ్యది.
మూడుసార్లు దగ్గి, నాలుగోసారి చెప్పిండు.
ఎనుక కంప్రెషరు రొద పడ్డది, మళ్ల చేద్దామన్నడు జిబిన్.
ఉండనీయన్నం. ఏసీ కొట్టుకు ఫోను చేస్తే
కోయిల కూస్తదా?

మొదటి వారం.
మా పాత ఫోను బిజీగుంటే బిజీ అనేది, అంతే,
బయట ఎవలు నిలబడ్డరో చెప్పేది కాదు.
ఇది తెర మీద ఎర్రగ రాసి పెడతది.
మంగళవారం రెండూ పన్నెండుకు, ఒకే నంబరు.
రెండూ పదమూడుకు.
రెండూ పదిహేనుకు.
తర్వాత లేదు.

ఆరు ఫోన్లు మోగిన టైముకు
పన్నెండు చేతులూ ఒక్క డక్టు మోస్తున్నయి.

శంకరయ్య తిరిగి చేసిండు. ఎవలో చిన్నపిల్ల ఎత్తింది.
వేరేటోళ్లు వచ్చి చేసి పోయిండ్రంట.
ఖలాస్, అని పెట్టేసింది.

శానాసేపు ఆ తెరనే చూసిండు.
పదకొండేండ్ల ఎర్ర గీతలు
ఏ తెర మీదా పడకుంటనే పోయినయి గదా, అన్నడు.
లేచి బాకీల పుస్తకం తీసి
ఆ నంబరు రాసుకున్నడు.
ఎవలు ఎవలికి బాకీనో రాయలే.