కుడివైపు

మా ఇంటికి నూట పద్నాలుగు మెట్లు.
చిట్టినగర్ సొరంగం దాటాక ఎడంచేతి కొండ మీద,
నీలిమందు ఎక్కువైన సున్నం వేసిన ఇల్లు.
కుళాయి ఒకటి, పొయ్యి ఒకటి,
ఇప్పుడీ అకౌంటూ ఒకటే.

డబ్బు కట్టేది నేను.
ఆటోనగర్లో లేత్ మిషను మీద ఇనుము చెక్కి తెచ్చినదాంట్లో
నెలకి రెండొందల తొంభైతొమ్మిది
ఐదో తారీకు తెల్లారేసరికి దానంతటదే కట్టయిపోతుంది.
సినిమాలు, పాటలు, చదివి వినిపించే పుస్తకాలు,
అన్నీ ఐదుగురికి.

మొదట్లో అందరం ఒకే బొమ్మ కింద ఉండేవాళ్లం.
అమ్మ పెట్టుకున్న హరికథ,
దాని కింద లిఖిత చూసే కొరియా సీరియలు,
దాని కింద హేమ వినే పచ్చళ్ల వ్యాపారం పాఠం.
ఇవన్నీ కలిపి ఏం లెక్క కట్టిందో
"ఇది మీకు నచ్చవచ్చు" అంటూ
మా అమ్మ పైడమ్మకి దెయ్యాల సినిమా చూపించింది.
చూసేసింది కూడా, చివరిదాకా.
"దెయ్యానికి పాపం ఎవరూ లేర్రా" అంది.

తర్వాత లిఖితే కూర్చుని ఐదు బొమ్మలు చేసింది.
నాయనమ్మకి ఏనుగు, వాళ్లమ్మకి మందారం, నాకు సుత్తి,
మా తమ్ముడు అప్పలస్వామికి కళ్లజోడు పెట్టుకున్న పిల్లి.
తనదానికి మాత్రం నాలుగంకెల తాళం.
"ఏం దాస్తున్నావే?" అన్నాను.
"ఏమీ లేదు నాన్నా. అయినా తాళం" అంది.
ఆ మాట నాకు మూడు రోజులు అరగలేదు.

ఎవరేం కొన్నా
చీటీ నా ఫోనుకే వస్తుంది.
ఓ ఆదివారం మధ్యాహ్నం
కొండరాయి పెనంలా కాలుతుంటే జేబులో వణికింది.
అప్పలస్వామి. నూట నలభైతొమ్మిది.
కొన్నది తెల్లవారుజామున మూడూ పదికి.
"మానేయాలనుకునేవాళ్లకి మొదటి తొంభై..."
అక్కడ మూడు చుక్కలు.
మిగతా పేరు తెరలో పట్టలేదు.

ఏం మానేయాలి?
మందా? గుట్కానా? ఎవరైనా మనిషినా?
వేలు చుక్కల మీదికి వెళ్లింది.
నొక్కితే చాలు,
ఎక్కడ ఆగాడో, ఏ ముక్క ఎన్నిసార్లు
వెనక్కి తిప్పి విన్నాడో
ఎదురింటి ముసలమ్మ కంటే వివరంగా చెప్పేస్తుంది.

ఈ ఇల్లు ఒక్క గదిగా ఉన్నప్పుడు
అమ్మ దండెం మీద నీలం చీర వేసేది.
చీర అవతల స్నానం,
చీర అవతల నాన్న దగ్గు,
అద్దం ముందు అక్క ఏడుపు.
పాత చీర, పల్చన.
దీపం పెడితే నీడలన్నీ కనబడేవి.
అయినా ఏడుగురం
తలో గోడ వైపు చూస్తూ పెరిగాం.
తలుపు లేని ఇంట్లో మెడ తిప్పుకోవడమే తలుపు.

చీటీ చెరిపేశాను.
సెట్టింగుల్లోకి పోయి వెతికాను.
ఇనుములో వెంట్రుకవాసి తేడా పట్టే వేళ్లకి
ఆ చిన్న బొత్తాలు ఓ పట్టాన అందవు.
చివరికి దొరికింది:
కొన్నది అందరికీ, చూసింది ఎవరిది వారికి.
జరిపాను. పచ్చబడింది.
వాడికి చెప్పలేదు.

వారం తర్వాత సొరంగం పక్కన బడ్డీకొట్టు దగ్గర
వాడే అన్నాడు, టీ గ్లాసులోకి చూస్తూ:
"నీ లిస్టు ఇప్పుడు కనబడ్డంలేదేం అన్నయ్యా."
"నా లిస్టా?"
"ఆఁ. ముందు కనబడేది."

నాకేముందిలే దాచడానికి అనుకున్నాను ఇన్నాళ్లూ.
ఎడమ చెవిలో హోరు గురించి అర్ధరాత్రి విన్న రెండు పాఠాలు.
పెదాలు చూసి మాట పట్టడం, మొదటి భాగం.
మళ్లీ మొదటి భాగం.
తెలుగు సినిమాకే కింద తెలుగు అక్షరాలు పెట్టుకుని
చూసినవన్నీ.
ఇరవై రెండేళ్ల మిషను మోత,
హేమకి కూడా చెప్పనిది.

"ఎప్పట్నించి?" అన్నాను.
వాడేదో అన్నాడు. లారీ పోయింది.
మళ్లీ అడగలేదు.

అప్పుడు చూశాను,
వాడు నా కుడివైపు కూర్చున్నాడు.
మొన్న పెళ్లి బంతిలోనూ కుడివైపే.
బండి వెనక కూర్చున్నా
కుడి భుజం మీదుగా ముందుకు వంగే మాట్లాడేవాడు,
ఎండలు ముదరకముందు నుంచీ.

టీ చల్లారిపోతోందని
చేత్తో చూపించాడు.