ఆరు బ్రష్షులు, ఒక చెంబు

ఏప్రిల్ ఇరవైనాలుగు సాయంత్రం బస్సుకే
కళ్యాణదుర్గంలో దిగినారు
ఆరుగురు పిల్లలు, ఆరు బ్రష్షులు.
గుర్తుకు బ్రష్షుకొక దారం కట్టింది మా అత్త హంపమ్మ.
ఎర్రది వన్నూరుది, పచ్చది ఈరక్కది.
మొదటిరోజే తెంపేసినోడు తిప్పేష్ ఒక్కడే.

పగలంతా నోటికి పనే.
పుల్లైసు, ఉప్పూకారం అద్దిన మామిడికాయ,
సైకిలాయన నన్నారి షర్బత్తు,
దిండు కింద బెల్లంగడ్డ
(ఎవరి దిండో చీమలకు ముందే తెలుసు).

రాత్రి మిద్దెమీద చాపలు పరిచినాక
పిట్టగోడకు వరసగా నిలబెట్టి
"తెరవండి" అంటుంది అత్త.
సెల్లు లైటేసి
విత్తనానికి శెనక్కాయలు ఏరినట్లే చూస్తుంది:
ఇది గట్టిది. ఇదీ గట్టిదే. ఇది పుచ్చు,
సోమారం డాక్టరు దగ్గరికి.

ట్యాంకరొచ్చేది మూడు దినాలకొకసారి.
చెంబు నా చేతిలో ఉంటుంది,
నోటికి రెండే గుక్కలు.
పుక్కిలించింది కిందున్న కరేపాకు పాదులో పడాల,
గురి తప్పితే మళ్లీ తోమాల.

"అవ్వా, నీ పండ్లెందుకట్లున్నాయి?" ఈరక్క అడిగింది.
తుప్పు రేకు రంగు, గీతలు గీతలు.
కొంగు నోటిదాకా పోయి ఆగింది.
"మా ఊరి బోరు నీళ్లు మే.
వేపపుల్లతో తోమినా, బొగ్గుతో తోమినా, ఇటికపొడితో తోమినా.
పోతాయా!
పెండ్లి ఫోటోలో నోరు మూసుకునే ఉంటా, చూడు."

కాసేపు ఎవరూ ఉమ్మలేదు. బుగ్గలు ఉబ్బే ఉన్నాయి.
తిప్పేష్ ఆమె చేతిలోంచి సెల్లు తీసుకున్నాడు.
"నువ్వూ తెరువు."
ఒక్కొక్కటే చూసినాడు,
ఊడిపోయిన సందు దగ్గర లైటు ఆపి,
మళ్లా కదిలి.

"రంగు సంగతి సరే గానీ
పుచ్చొక్కటీ లేదవ్వా.
విత్తనానికి పనికొస్తాయి."